హోమగుండం ముందు కూర్చునే పెద్దలకు ఒక పురోహితుడి కూతురి లేఖ

పౌరోహిత్యం చేస్తున్న పెద్దలకూ, వేద పాఠశాలల్లో పిల్లలకు ప్రయోగం, అంటే కర్మ చేయించే పద్ధతి, నేర్పుతున్న గురువులకూ నమస్కారాలు.

నేను ఒక పురోహితుడి కూతురిని. మా నాన్నగారు కోనసీమలో పుట్టి, అక్కడే స్మార్తం, అంటే ఇళ్లల్లో శుభకార్యాలు, కర్మలు చేయించే విద్య, నేర్చుకుని, పెళ్లయిన కొత్తలో హైదరాబాదు వచ్చారు. నలభై ఏళ్లకు పైగా గృహప్రవేశాలు, ఉపనయనాలు, శాంతులు చేయించారు. ఆయన చేయించిన గణపతి హోమాలకు, నవగ్రహ హోమాలకు మా ఇంట్లో లెక్క లేదు. సాయంత్రం ఆయన ఇంటికి వస్తే ఉత్తరీయం నుంచి నెయ్యి వాసన, పిడకల వాసన కలిసి వచ్చేవి. చిన్నప్పుడు నాకు అదే నాన్న వాసన.

రెండేళ్ల కిందట ఆయనకు మెట్లు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. వయసు అనుకున్నాం. తర్వాత మంత్రం మధ్యలో ఆగడం మొదలైంది. వేదంలోని మంత్ర భాగాలను, పనసలకు పనసలు, అలవోకగా చెప్పే మనిషి సగంలో నిలిచిపోయి, గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకునేవారు. ఆ తడబాటులో స్వరం తప్పేది. దగ్గు కన్నా ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. చివరికి బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ గొట్టంలోకి ఊదించే పరీక్ష చేశారు. దాన్ని స్పైరోమెట్రీ అంటారు. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా ఎంత బలంగా ఊదగలిగితే అంత బలంగా ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికి వచ్చిందో చూస్తారు. గాలి దారులు తెరిచే మందు పీల్చాక కూడా అది 70 శాతం కన్నా తక్కువ ఉంటే గాలి దారులు ఇరుకైనట్టు లెక్క. నాన్నగారిది తక్కువ వచ్చింది. డాక్టరుగారు కాగితం చూస్తూనే, "రోజుకు ఎన్ని సిగరెట్లు కాలుస్తారండీ?" అని అడిగారు.

నాన్నగారు నా వైపు చూశారు. ఆయన జీవితంలో బీడీ ముట్టలేదు, నశ్యం పీల్చలేదు. ఆ మాట నేనే చెప్పాను. "మరి ఏం పని చేస్తారు?" అన్నారావిడ. పౌరోహిత్యం అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "హోమాలు చేయిస్తారా? ఇళ్ల లోపలేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న అంతకుముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ మమ్మల్ని అడుక్కోలేదు.

ఆ జబ్బు పేరు సీఓపీడీ. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై, అలాగే ఉండిపోయే దీర్ఘకాలిక జబ్బు. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నది పోకుండా కాపాడుకోవాలని చెప్పి ఇన్‌హేలర్ రాసిచ్చారు.

ఆయన జబ్బుకు హోమాలొక్కటే కారణమని నేను తేల్చి చెప్పలేను. ఆయన కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో, నాయనమ్మ కొంగు పట్టుకుని పెరిగారు. నలభై ఏళ్లు స్కూటరు మీద సిటీ ట్రాఫిక్‌లో తిరిగారు. అన్నీ కలిసే ఉంటాయి. కానీ సిగరెట్టు ముట్టనివాళ్లకు ఈ జబ్బు రావడానికి కట్టెల పొగ, పిడకల పొగ పెద్ద కారణమని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. పల్లెల్లో పొయ్యి ముందు బతుకు గడిపిన ఆడవాళ్లకు వచ్చేది ఇదే జబ్బు. ఆ పొగ నుంచి వాళ్లను తప్పించాలనే 2016లో ఉజ్జ్వల పథకం పెట్టి పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. వంటింటి పొయ్యిలో కాలితే ఊపిరి తీసే కట్టె, అదే పిడక, హాల్లో ఇత్తడి గుండంలో కాలినప్పుడు వేరే రకం పొగ ఎలా ఇస్తుంది? మంత్రం ఆ అగ్నిని దేవుడి నోరు చేస్తుంది. నేను అది నమ్ముతాను. కానీ పక్కన కూర్చున్న మనిషి ఊపిరితిత్తులు మాత్రం మామూలు మనిషివే.

ఈ లేఖ మీకే రాయడానికి కారణం ఉంది. హోమం చేయించుకునే యజమాని ఆ పొగలో రెండు మూడు గంటలు కూర్చుంటాడు, అదీ కొన్నేళ్లకు ఒకసారి. మీరు మాఘమాసంలో, శ్రావణంలో ముహూర్తాలు కుదిరిన రోజుల్లో తెల్లవారుజామున ఒక గృహప్రవేశం, పదింటికి ఒక శాంతి, మధ్యాహ్నం ఇంకొకటి చేస్తారు. అందరికన్నా గుండానికి దగ్గరగా ఉండేది మీరు. అగ్ని రాజుకోకపోతే వంగి విసిరేది మీరు. కళ్లు మండితే యజమాని లేచి బాల్కనీలోకి వెళ్లొస్తాడు, మీరు తంత్రం వదిలి లేవలేరు. పైగా మంత్రం చెప్పేటప్పుడు నోటితో, లోతుగా, గబగబా గాలి పీలుస్తారు. ముక్కు చేసే కొద్దిపాటి వడపోత కూడా అప్పుడు తప్పిపోతుంది. ఫ్యాక్టరీలో పొగ దగ్గర పనిచేసేవాళ్లకు ఆరోగ్య పరీక్షలు చేయించాలని చట్టం చెబుతుంది. మీకు అలా చెప్పే చట్టం లేదు, యూనియన్ లేదు. మీ ఇళ్లల్లో నాలాంటి కూతుళ్లు, కొడుకులు ఉన్నారు, అంతే.

మా తాతగారి ఊళ్లో మండువా లోగిలి ఉండేది. నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. హోమం ఆ మండువా పక్కనే జరిగేది. పొగ లేచి నేరుగా పైకి పోయేది. పెద్ద యాగమైతే ఊరి బయట పాక వేసేవారు, నాలుగు వైపులా తెరిచి ఉండే యాగశాల. నిత్యాగ్నిహోత్రం ఉన్న ఇళ్లల్లో అగ్నికి వేరే గది, దానికి పొగ పోయే పెంకుల కప్పు. అగ్నికి ఎంత చోటు కావాలో, పొగకు ఏ దారి కావాలో ఆ ఇళ్లు కట్టినవాళ్లకు తెలుసు. ప్రయోగం పుస్తకాల్లో "కిటికీలు తెరవండి" అని రాసి ఉండకపోవచ్చు. తెరవాల్సిన కిటికీలు లేని ఇల్లు ఉంటుందని రాసినవాళ్లు ఊహించలేదు కదా.

ఇప్పుడు ఎక్కడ చేస్తున్నాం? పద్నాలుగో అంతస్తులో, మూడు వైపుల గోడలున్న హాల్లో. దీపం ఆరిపోతుందని ఫ్యాను ఆపేస్తారు. గాలికి నిప్పురవ్వలు లేస్తాయని బాల్కనీ తలుపు వేసేస్తారు. అలారం మోగుతుందని స్మోక్ డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవరు కట్టేస్తారు. ఈ కవరు కట్టడం నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను. ఇంట్లో పొగ నిండిందని చెప్పడానికే పెట్టిన యంత్రం నోరు ముందే కట్టి, ఆ తర్వాత సంకల్పం చెప్పుకుంటున్నాం. ఏసీ వేశాం కదా అంటారు కొందరు. ఇళ్లల్లో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ గదిలోకే వదులుతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను. పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న హాల్లో సుమారు 50 ఘనమీటర్ల గాలి ఉంటుంది. బహిరంగంగా మండే కట్టె, మంట తీరును బట్టి, కిలోకు కొన్ని గ్రాముల సన్నని రేణువులు వదులుతుంది. మనం ఒక్క గ్రామే అనుకుందాం. అందులోనూ పది వంతుల్లో తొమ్మిది వంతులు కిటికీలోంచి పోయిందనుకుందాం. మిగిలిన ఆ పదో వంతు హాలంతా పరుచుకుంటే ఘనమీటరుకు 2,000 మైక్రోగ్రాములు. ఈ సన్నని రేణువుల్నే పీఎం 2.5 అంటారు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు ఉంటాయి. ముక్కు ఆపలేదు, దగ్గు బయటికి తేలేదు. ఊపిరితిత్తుల చివరి తిత్తుల దాకా పోతాయి. మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం బయటి గాలిలో రోజు సగటున ఇవి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. పై లెక్కలోని 2,000 రెండు గంటలే ఉండి, మిగతా ఇరవై రెండు గంటలు ఒక్క రేణువు కూడా లేని గాలి పీల్చినా, ఆ రోజు సగటు 160 దాటుతుంది. నేను ఒక్క గ్రామే, అందులో పదో వంతే తీసుకున్నానని మరవకండి. నూట ఎనిమిది ఆహుతుల హోమంలో కాలేది అంతకన్నా చాలా ఎక్కువ.

నాన్నగారికి ఇది మాటలతో చెబితే ఎక్కలేదు. గాలిలో రేణువుల్ని కొలిచే చిన్న మీటరు ఒకటి కొన్నాను. బంధువుల ఇంట్లో ఆయనే చేయించిన ఒక చిన్న గణపతి హోమంలో దాన్ని పీట పక్కన పెట్టాను. అగ్ని ప్రతిష్ఠ సమయంలో, కర్పూరం వేసి పిడకలు రాజేస్తుండగానే అంకె పైకి పోయి, ఆ మీటరు చూపగలిగిన ఆఖరి అంకె దగ్గర ఆగిపోయింది. మంట బాగా లేచాక కొంచెం దిగింది. పూర్ణాహుతికి మళ్ళీ పైకి పోయింది. నాన్నగారు మంత్రం చెబుతూనే ఓరకంట చూస్తున్నారు. ఇంటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంట ఉన్నప్పుడు తగ్గిందే" అన్నారు. నేను చెప్పాలనుకున్న విషయం సగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

మిగతా సగం చెప్పేముందు, మన మధ్య తిరుగుతున్న కొన్ని మాటల గురించి మాట్లాడాలి. హోమం గాలిని శుద్ధి చేస్తుందని మనం అందరం అంటాం. నేనూ అన్నాను, స్నేహితుల ముందు గర్వంగా.

ఈ మాటకు ఆధారంగా అందరూ చూపించేది 2007లో లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన. మూసిన గదిలో కట్టె, మూలికల హవన సామగ్రి ఒక గంట కాల్చితే గాలిలోని బ్యాక్టీరియా 94 శాతానికి పైగా తగ్గిందని అందులో ఉంది. ఆ పరిశోధన నిజమే. కానీ అది కొలిచింది బ్యాక్టీరియాను. పొగకు సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందని మన పూర్వులకూ తెలుసు. ఎండుచేపల్ని, మాంసాన్ని పొగబెట్టి నిలవ చేసేవాళ్లకూ తెలుసు. గదిలో బ్యాక్టీరియా తగ్గిందంటే ఆ గది గాలి మనిషి పీల్చడానికి మంచిదైందని అర్థం కాదు. రేణువులు ఎన్ని, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంత అన్నది వేరే ప్రశ్న.

ఇంకో మాట, హోమంలో ఫార్మాల్డిహైడ్ పుట్టి క్రిములను చంపుతుందని. దీన్ని గొప్పగా చెప్పే పెద్దలున్నారు. కట్టె కాలితే ఫార్మాల్డిహైడ్ పుట్టేది నిజమే. అయితే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో దాన్ని పెట్టింది. మన కళ్లు మండేది చాలావరకు దానివల్ల, దాని తోటి వాయువుల వల్లే. ఆవునెయ్యి కాలితే ఆక్సిజన్ పుడుతుందనే మాట మరీ బాధపెడుతుంది. ఏది మండినా ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలిసిన విషయం వేదం పేరుతో తప్పు చెబితే, ఆ పిల్లవాడు రేపు వేదాన్నే అనుమానిస్తాడు.

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు లీకైనప్పుడు అగ్నిహోత్రం చేసిన ఇళ్లవాళ్లు బతికారని ఒక కథ దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. దయచేసి ఆ కథను పీట మీద కూర్చుని చెప్పకండి. ఆ రాత్రి ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నది గాలి ఎటు వీచింది, ఎవరి ఇల్లు ఎంత దూరంలో ఉంది అన్నదాని మీద ఆధారపడింది. పక్క వీధుల్లో వేలమంది నిద్రలోనే పోయిన రాత్రి అది. వాళ్లు అగ్నిహోత్రం చేయలేదు కాబట్టి పోయారని అర్థం వచ్చే మాట మన నోటి నుంచి రాకూడదు.

అసలు హోమానికి ఈ సర్టిఫికెట్లు ఎందుకు కావలసి వచ్చాయి? ప్రతి ఆహుతి తర్వాత మీరే యజమాని చేత అనిపిస్తారు, "ఇదం న మమ" అని. ఇది నాది కాదు. నాది అనుకున్నదాన్ని వదులుకోవడం హోమం. మా నాన్నగారు నాకు చిన్నప్పుడు నేర్పింది అదే. నా చేత పిడికెడు నవధాన్యాలు వేయిస్తూ, "వేసేదాకా నీది, వేశాక నీది కాదు" అనేవారు. ఆ వదులుకోవడానికి గాలి శుద్ధి యంత్రంతో పోటీ ఏముంది? హోమం గొప్పతనాన్ని రేణువుల లెక్క మీద నిలబెడితే, ఏదో ఒక రోజు ఒక మీటరు ముందు మనం తలదించుకోవాల్సి వస్తుంది. నేను ఆ రోజు చూశాను.

శాస్త్రం పొగను ఎలా చూసిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, కానీ ఒకసారి గుర్తు చేసుకుందాం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో, "సర్వారంభా హి దోషేణ ధూమేనాగ్నిరివావృతాః" అంటాడు శ్రీకృష్ణుడు. నిప్పును పొగ కప్పినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కప్పి ఉంటుందని. దోషానికి ఆయన తెచ్చిన ఉపమానమే పొగ. అదే శ్లోకం మొదటి పాదాల్లో, దోషం ఉన్నా సహజమైన కర్మను వదలకూడదని కూడా ఉంది. ఈ రెండు సగాలూ కలిపి చదివితే నాకు మన పని ఏమిటో తెలుస్తోంది. కర్మ వదలవద్దు. దోషాన్ని దోషమని ఒప్పుకుందాం.

ముండకోపనిషత్తు అగ్నికి ఏడు నాలుకలు చెబుతుంది. వాటిలో ఒకటి సుధూమ్రవర్ణ, పొగరంగుది. మరి పొగ కూడా అగ్ని రూపమే కదా అని మీలో ఎవరైనా నన్ను అడగవచ్చు. అవును. కానీ అదే ఉపనిషత్తు, అంతకు ముందే, ఆహుతి ఎప్పుడు వేయాలో చెప్పింది. "యదా లేలాయతే హ్యర్చిః సమిద్ధే హవ్యవాహనే" అని. అగ్ని బాగా రగిలి, జ్వాల కదలాడుతున్నప్పుడు వేయమని. పొగ సుళ్లు తిరుగుతున్నప్పుడు నెయ్యి గుమ్మరించమని చెప్పలేదు. నాన్నగారు మీటరు చూసి అన్న మాట, ఉపనిషత్తు చెప్పిన మాట ఒక్కటే. జ్వాల ఉంటే పొగ తక్కువ. కట్టెలోంచి వచ్చే ఆవిరి మంటలో కాలిపోతే వేడి, వెలుగు అవుతుంది. మంట అందకపోతే అదే పొగై మన గొంతులోకి వస్తుంది.

మా తాతగారు సమిధను చేతిలోకి తీసుకుని విరిచి చూసేవారట. టప్పున విరిగితేనే వాడేవారు, వంగితే పక్కన పడేసేవారు. రావి, మోదుగ, మేడి, జమ్మి, ఏదైనా సరే, ఆరు నెలల ముందే కొట్టించి, కట్టలు కట్టి, వంటింటి అటక మీద ఎండబెట్టేవారు. ఇప్పుడు అంగట్లో దొరికే కట్టల్లో సమిధలు పచ్చిగా ఉంటున్నాయి. తడి కట్టె కాలాలంటే ముందు దానిలోని నీరు ఆవిరి కావాలి. వేడి అంతా దానికే పోతుంది, మంట చల్లబడుతుంది, పొగ ఇల్లంతా కమ్ముకుంటుంది. పచ్చి సమిధ పంపిన అంగడివాడిని మీరు తిప్పి పంపండి. మీరు అడిగితే వాళ్లు మారతారు, మేం అడిగితే మారరు.

నెయ్యి గురించి కూడా అంతే. "పూజకు మాత్రమే, తినడానికి పనికిరాదు" అని రాసి ఉన్న డబ్బాలు హోమానికి వస్తున్నాయి. మనిషి తినలేనిది దేవుడికి ఎలా పెడతాం? అందులో ఏ నూనె కలిసిందో, కాలితే ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. అసలైన ఆవునెయ్యి కూడా జ్వాలలో పడితే వెలుగుతుంది, నిప్పుల మీద పడి మాడితే అక్రోలిన్ అనే ఘాటైన వాయువు వదులుతుంది. మాడిన మూకుడు దగ్గర కళ్లు మండేది దానివల్లే. స్రువంతో, అంటే నెయ్యి వేసే చెక్క గరిటెతో, కొద్దికొద్దిగా, మంట మీదే వేయించండి. కర్పూరం అగ్ని అంటించడానికి ఒక బిళ్ల చాలు. మంట తగ్గినప్పుడల్లా గుప్పెడు కర్పూరం వేసే అలవాటు కొత్తగా వచ్చింది. కర్పూరం నల్లటి మసితో కాలుతుంది. హారతి పళ్లెం అడుగు చూస్తే చాలు.

పూర్ణాహుతి గురించి ఒక్క మాట ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే. ఎర్రటి పట్టుబట్టలో కొబ్బరి, ద్రవ్యాలు మూటగట్టి వేస్తాం. ఆ మూటకు ఇప్పుడు అంగళ్లలో ఇచ్చేది పట్టు కాదు, నూలు కాదు, జరీ అంచు కుట్టిన పాలిస్టర్ జాకెట్టు గుడ్డ. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్. గుండంలో అది కరిగి, బొట్లు బొట్లుగా కారుతూ, నల్లగా కాలుతుంది. అందరూ కళ్లకద్దుకోవడానికి గుండం చుట్టూ దగ్గరగా చేరే క్షణం కూడా అదే. సామాన్ల చీటీలో "వస్త్రం" అని మాత్రమే రాయకుండా "నూలు గుడ్డ" అని రాయండి. రెండు పదాలు. వాటితో ఎంతమంది గొంతుల్లోకి ప్లాస్టిక్ పొగ పోకుండా ఆగుతుందో ఆలోచించండి.

చోటు మార్చడం అన్నిటికన్నా ముఖ్యం. అపార్ట్‌మెంటు టెర్రస్ మీద, కింద ఖాళీ స్థలంలో, కనీసం బాల్కనీ తలుపు పక్కన చేయిస్తామని మీరు గట్టిగా చెబితే యజమానులు వింటారు. ముహూర్తానికి పాలు ఎక్కడ పొంగించాలో, ఏ గడప ముందు దాటాలో మీరు చెబితే మారు మాట్లాడకుండా చేస్తారు కదా. లోపలే చేయక తప్పకపోతే ఎదురెదురుగా ఉన్న తలుపు, కిటికీ రెండూ తెరిపించండి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేయించండి, గుండం చిన్నది పెట్టండి. ఆహుతుల సంఖ్య తగ్గించడానికి కూడా దారి ఉంది. హోమం చేయలేనివాడు దాని బదులు జపం పెంచుకోవచ్చని పెద్దలు చెప్పిందే. శతపథ బ్రాహ్మణంలో జనకుడు యాజ్ఞవల్క్యుడిని అగ్నిహోత్రం గురించి అడుగుతాడు. పాలు లేకపోతే దేనితో చేస్తావు, ధాన్యం లేకపోతే దేనితో, ఓషధులు లేకపోతే, నీరు కూడా లేకపోతే అని అడుగుతూ పోతాడు. ఏదీ లేనినాడు సత్యాన్ని శ్రద్ధలో హోమం చేస్తానంటాడు యాజ్ఞవల్క్యుడు. జనకుడు మెచ్చి నూరు ఆవులిచ్చాడు. ఇంత విశాలమైన సంప్రదాయం చేతిలో ఉండగా, నాలుగు గోడల మధ్య కిలోలకొద్దీ కట్టె కాల్చాల్సిన ఇరుకు మనకు లేదు.

పసిపిల్లల విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. ఆయుష్య హోమానికి ఏడాది బిడ్డను తల్లి ఒళ్లో పెట్టి గుండం ముందు కూర్చోబెడతాం. ఆ బిడ్డ నిమిషానికి ముప్పై సార్లకు పైగా ఊపిరి తీస్తుంది, పెద్దవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు. సంకల్పానికి, రక్ష పెట్టడానికి బిడ్డను తెమ్మనండి. మిగతా సేపు బయటి గదిలో ఉండనివ్వండి. గర్భిణులకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు, గుండె జబ్బున్న పెద్దలకు కూడా మీరే ముందుగా చెప్పండి. లేచి వెళితే అపచారమేమో అని భయపడి చాలామంది దగ్గుకుంటూ కూర్చుంటారు. మీ నోటి నుంచి "ఫరవాలేదమ్మా, అక్కడ కూర్చోండి" అన్న మాట వస్తేనే లేస్తారు.

ఇంకొక ప్రమాదం, ఇది పొగ కన్నా తొందరగా ప్రాణం తీస్తుంది. గృహప్రవేశం అయిన రాత్రి ఆ ఇంట్లో నిద్ర చేయాలంటారు. హాల్లో గుండంలో నిప్పులు కనలుతూనే ఉంటాయి. అగ్నిని వెంటనే ఆర్పకూడదని అలాగే ఉంచి, దోమలని తలుపులు వేసుకుని పడుకుంటారు. పొగ లేని నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చి, నిద్రలోనే మనిషి పోతాడు. చలికాలంలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు ఏటా చదువుతున్నాం. ఉద్వాసన చెప్పి అగ్నిని సాగనంపాక గుండాన్ని బాల్కనీలోనో టెర్రస్ మీదో పెట్టించి, మీ కళ్ల ముందు అది బయటికి వెళ్లాకే సంభావన తీసుకోండి.

గురువులకు వేరుగా ఒక మనవి. మీ దగ్గరికి ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలు వస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతుంటాయి. ప్రయోగం నేర్పేటప్పుడు యాగశాల తెరిచి ఉండేలా చూడండి. మంత్రంతోపాటు మంట నేర్పండి. కట్టె ఎండిందో లేదో ఎలా చూడాలి, గాలి అడుగు నుంచి ఆడేలా సమిధలు ఎలా పేర్చాలి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసి గుండం ఎక్కడ పెట్టించాలి, పొగ వచ్చినప్పుడు ఆహుతి ఆపి మంటను ఎలా లేపాలి అన్నది పాఠంలో భాగం కావాలి. మా తాతగారి తరానికి ఇది ఇంట్లోనే వచ్చింది. ఇప్పటి పిల్లలు గ్యాస్ పొయ్యి ఇళ్ల నుంచి వస్తున్నారు, కట్టె అంటించడం చూసి ఎరగరు. ఏడాదికి ఒకసారి పిల్లలకూ, మీకూ స్పైరోమెట్రీ చేయించండి. దగ్గర్లోని మెడికల్ కాలేజీని అడిగితే శిబిరం పెడతారు. మా నాన్నగారికి పదేళ్ల కిందట ఎవరైనా ఆ గొట్టం ఊదించి ఉంటే, అప్పుడే చోటు మార్చుకునేవారు.

వచ్చే నెల మా తమ్ముడి కొడుక్కి ఆయుష్య హోమం. నాన్నగారే చేయిస్తానన్నారు. వద్దని నేను అనలేదు. టెర్రస్ మీద ఈశాన్యం మూల చోటు చూసుకున్నారు, సొసైటీ వాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకున్నారు, రుద్రాధ్యాయం పక్కన ఉన్న శిష్యుడు చెప్పేలా ఏర్పాటు చేసుకున్నారు. మేడి సమిధలు మూడు వారాల ముందే తెప్పించి ఎండలో పోయించారు. రోజూ సాయంత్రం మెట్ల దగ్గర రెండుసార్లు ఆగుతూ పైకి వెళ్లి, ఒక పుల్ల తీసి విరిచి చూసి వస్తున్నారు. నిన్న కిందికి వచ్చి, "ఇంకా వంగుతోందమ్మా, నాలుగు రోజులు పడుతుంది" అన్నారు.

నమస్కారాలతో,
ఒక పురోహితుడి కూతురు